కోళ్ల గూటికి తనంతట తానే పడే తలుపు: కొలతలు, సామాను, వైరింగు, వచ్చే చిక్కులు

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇరవై పాతిక నాటుకోళ్లు, ఇటుక గోడల మీద రేకులేసిన గూడు, పొలం దగ్గర కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. సాయంత్రం ఆలస్యమైన రోజున బావురుపిల్లి వచ్చి కోళ్లను ఎత్తుకుపోతోంది. పొద్దున తెరుచుకుని పొద్దుగూకాక మూసుకునే తలుపు సొంతంగా చేసుకోవాలి. వెలుతురు సెన్సార్ పెట్టాలా, టైమర్ పెట్టాలా, మోటారుకు తాడు చుట్టాలా, యాక్చుయేటర్ (మోటారుతో కడ్డీ ముందుకు, వెనక్కి జరిగే పరికరం) కొనాలా, ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) తప్పదా అని అడిగారు.

ముందు తేల్చి చెప్పేస్తాను: టైమర్ పెట్టండి, యాక్చుయేటర్ కొనండి, ఆర్డుయినో అవసరం లేదు. యాక్చుయేటర్‌ను మాత్రం తలుపుకు నేరుగా బిగించకండి. అది తలుపును పైకి లాగడానికే పనికిరావాలి. కిందికి తలుపు తన బరువుతో తానే దిగాలి, దిగాక దానంతట అదే గడియ పడాలి. ఈ తలుపులు పాడయ్యేది ఎక్కువగా సర్క్యూట్ దగ్గర కాదు. కాలువలో చేరిన ఊక, కప్పి మీంచి జారిన తాడు, వానకు ఉబ్బిన చెక్క, బయటి నుంచి ముట్టెతో ఎత్తేస్తే లేచిపోయే తలుపు, ఇవే అసలు శత్రువులు. అందుకే సమాధానంలో సగానికి పైగా రేకు, కాలువ, గడియల గురించే ఉంటుంది.

యాక్చుయేటర్‌ను నేరుగా ఎందుకు బిగించకూడదో చూడండి. బజారులో దొరికే 12 వోల్టుల లీనియర్ యాక్చుయేటర్లలో చాలావాటి తోపు 500 నుంచి 1000 న్యూటన్లు, అంటే 50 నుంచి 100 కిలోల బరువుతో సమానం. తలుపు కింద కోడి మెడ ఉన్నా, పాదం ఉన్నా దానికి తేడా తెలియదు, చివరిదాకా తోసుకుంటూ పోతుంది. కరెంటు ఎక్కువ లాగితే ఆపేసే సర్క్యూట్ పెట్టొచ్చు కానీ, అది ఒక్కరోజు పనిచేయకపోతే ప్రాణం పోతుంది. తాడుతో వేలాడే తలుపైతే కోడి మీద పడేది కిలో బరువు మాత్రమే. యాక్చుయేటర్ ముందుకు సాగిపోతుంది, తాడు వదులవుతుంది, తలుపు కోడి వీపు మీద ఆగుతుంది. కోడి తప్పుకోగానే కిందికి దిగుతుంది.

ఇక కొలతలు. మామూలు నాటుకోళ్లకు, వనరాజ, గ్రామప్రియ లాంటి పెరటి రకాలకు 10 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉన్న కంత సరిపోతుంది. అసీల్ పుంజులుంటే 12 బై 16 చేయండి. పుంజులు తలొంచుకుని దూరతాయి కానీ మరీ ఇరుకైతే గుమ్మం దగ్గర తగవులాడి మిగతావాటిని ఆపేస్తాయి. కంత అడుగు భాగాన్ని, అంటే గడపను, లోపలి ఊక మట్టానికి కనీసం 6 అంగుళాల పైన పెట్టండి. కోళ్లు రోజంతా గీకుతూనే ఉంటాయి, ఊక గోడ వారకు చేరుతూనే ఉంటుంది. గడప తక్కువ ఎత్తులో ఉంటే వారం తిరక్కుండా తలుపు కింద ఊక దిబ్బ కడుతుంది, తలుపు దాని మీద కూర్చుంటుంది. గడప నుంచి పైకి 42 అంగుళాల జాగా ఉండాలి, ఎందుకంటే తలుపు లేచినప్పుడు దాని పైఅంచు 32 అంగుళాల దాకా వెళుతుంది, దాని పైన తాడు ముడి, కప్పి కూడా పట్టాలి.

తలుపును గోడకు లోపలి వైపే అమర్చండి. వాన పడదు, కుక్కలు అంచుల్లో పళ్లు పెట్టి లాగలేవు, గడియలు పిల్లి చేతికి అందవు. పలక 2 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటు, 12 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవు. రెండు పక్కలా కంతను అంగుళం చొప్పున దాటి కాలువలోకి పోతుంది, కింద గడపకంటే అంగుళంన్నర దిగువకు వస్తుంది, పైన మూడున్నర అంగుళాలు గడియల కోసం. ఈ పలక దాదాపు 800 గ్రాములు తూగుతుంది. కింది అంచుకు లోపలి వైపు 25 బై 5 మిల్లీమీటర్ల ఇనప పట్టీ ఒకటి, కాలువల్లోకి పోకుండా తొమ్మిదిన్నర అంగుళాల పొడవున బోల్టు చేస్తే ఇంకో 240 గ్రాములు కలిసి, మొత్తం కిలోకు కాస్త పైనే అవుతుంది. ఈ బరువు కావాలి. తేలికైన తలుపు ఏ చిన్న రాపిడి తగిలినా మధ్యలో ఆగిపోతుంది. పట్టీ వల్ల కుక్క తోసినా అడుగు వంగదు. ఇనుము, అల్యూమినియం నేరుగా తగిలే చోట తేమకు తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి మధ్యలో పెయింటు గానీ పల్చటి రబ్బరు షీటు గానీ వేయండి. కింది అంచుకు కారు తలుపులకు వాడే రబ్బరు బీడింగు ఎక్కించండి.

ప్లైవుడ్డు వద్దు. జూలైలో తేమకు ఉబ్బి కాలువలో బిగుసుకుంటుంది, ఏప్రిల్లో ఎండి మెలి తిరుగుతుంది. చెదల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పక్క కాలువలకు అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ల దగ్గర అంగుళం లోతున్న యూ ఆకారపు ఛానల్ అడగండి. లోపలి సందు 6 మిల్లీమీటర్లుండాలి, 8 దాటకూడదు. అది దొరక్కపోతే రెండు అంగుళం పట్టీల మధ్య 6 మిల్లీమీటర్ల మందం పట్టీని పెట్టి బోల్టులేస్తే అదే కాలువ. ఒక్కోటి 36 అంగుళాలు కోయించండి. రెండు మిల్లీమీటర్ల పలకకు ఆరు మిల్లీమీటర్ల సందు ఎందుకంటే దుమ్ము, ఈకలు, రెట్ట ముక్కలు చేరినా తలుపు జారాలి. అలాగే పలక అంచుకు, కాలువ అడుగుకు మధ్య ఇరువైపులా 5 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ వదలండి. బిగుతుగా చేసిన కాలువ చూడటానికి బాగుంటుంది, మొదటి నెలలోనే పట్టేస్తుంది. కాలువల కింది చివరలు మూయకండి. ఆ చివరలు గడపకు 2 అంగుళాల దిగువన తెరిచే ఉండాలి, చెత్త తలుపుతో పాటే కిందికి తోసుకుపోయి రాలిపోతుంది. చాలామంది అందం కోసం అడుగున అడ్డపట్టీ వేస్తారు, దాంట్లో చెత్త నిండి తలుపు గడపకు అర అంగుళం పైనే ఆగుతుంది. ఆ అర అంగుళం సందు పాముకు చాలు.

రెండు కాలువలు సమాంతరంగా ఉన్నాయో లేదో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల టేపుతో కొలిచి చూడండి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఇప్పుడే సరిచేయండి. ఇటుక గోడ చదునుగా ఉండదు కాబట్టి కాలువల్ని నేరుగా గోడకు కాకుండా ముందు అంగుళం చదరపు ఇనప గొట్టంతో ఫ్రేము చేయించి, దానికి బిగించి, ఆ ఫ్రేమును యాంకర్ బోల్టులతో గోడకు పట్టించండి. ఫ్రేముకు, గోడకు మధ్య మిగిలిన సందుల్ని సిమెంటుతో పూడ్చాలి.

గడియ సంగతి దగ్గర కాస్త నిదానంగా చదవండి, తలుపు విలువంతా ఇక్కడే ఉంది. తన బరువుతో పడే తలుపును పందికొక్కు కూడా ముట్టెతో ఎత్తగలదు, పిల్లి పంజాతో లేపుతుంది. అందుకని తాడు వదులైనప్పుడు తెరుచుకుని, తాడు బిగిసినప్పుడు ముడుచుకునే రెండు చేతులు కావాలి.

20 బై 3 మిల్లీమీటర్ల ఇనప పట్టీ ముక్కలు రెండు, ఒక్కోటి 3 అంగుళాలు. ఒక చివర రంధ్రం చేసి, అక్కడి నుంచి కొనకు రెండున్నర అంగుళాలుండేలా చూడండి. పలక లోపలి ముఖాన, పైఅంచుకు అంగుళం దిగువన, పక్క అంచుకు అంగుళంన్నర లోపలికి 6 మిల్లీమీటర్ల బోల్టు మీద ఈ పట్టీ తిరిగేలా అమర్చండి. కాలువ అంచును తాకకుండా మధ్యలో వాషర్లు వేసి ఎత్తు చేయండి, బోల్టుకు నైలాక్ నట్టు వాడండి, లేకపోతే తిరిగీ తిరిగీ వదులైపోతుంది. ఇప్పుడు ఈ రెండు చేతులూ పైకి, బయటికి వాలి, ఎత్తిన రెండు కొమ్ముల్లా ఉండాలి. ఒక్కో చేతి కింద పలకకు చిన్న బోల్టు ఆపుగా పెట్టండి, చెయ్యి 45 డిగ్రీలకంటే కిందికి వాలకుండా. లోపలి వైపు ఇంకో ఆపు, 80 డిగ్రీలు దాటి లోపలికి ముడుచుకోకుండా. చేతుల మధ్య భాగంలో రంధ్రాలు చేసి పొట్టి వైరు ముక్కలు రెండు కట్టి, వాటిని మధ్యలో ఒక రింగుకు కలపండి. పెద్ద తాడు ఆ రింగుకు వస్తుంది.

తాడు లాగితే రెండు చేతులూ మధ్యకు ముడుచుకుని, లోపలి ఆపులకు తగిలి, అప్పుడు తలుపు లేస్తుంది. తాడు వదిలితే చేతులు తమ బరువుకు బయటికి వాలి కొనలు కాలువల ముందుకు వస్తాయి. తలుపు పూర్తిగా దిగిన స్థితిలో ఆ కొనలకు 20 మిల్లీమీటర్ల పైన, కాలువ ముఖం మీద, యాంగిల్ ముక్క ఒకటి అడ్డుగా బోల్టు చేయండి. బయటి నుంచి ఎవరు ఎత్తినా తలుపు 20 మిల్లీమీటర్లు లేచి అడ్డుకు తగులుతుంది. ఎంత గట్టిగా ఎత్తితే చెయ్యి కింది ఆపుకు అంత గట్టిగా ఒత్తుకుంటుంది తప్ప ముడుచుకోదు. తలుపు గడపకంటే 38 మిల్లీమీటర్లు దిగువకు ఉంది కాబట్టి ఆ 20 లేచినా సందు తెరుచుకోదు. చేతుల్ని అడ్డంగా, నేలకు సమాంతరంగా పెట్టకండి. అలా పెడితే ముడుచుకోవడానికి కొన చాలా పైకి లేవాల్సి వస్తుంది, అడ్డుకే తగిలి తలుపు పొద్దున తెరుచుకోదు. 45 డిగ్రీల నుంచి 80కి ముడిస్తే కొన 34 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది, పైకి లేచేది 18 మాత్రమే. ఆ 18కి పైన 20 వదిలాం. లెక్క ఇదీ.

లాగే ఏర్పాటుకు 200 మిల్లీమీటర్ల స్ట్రోకు (కడ్డీ జరిగే దూరం) ఉన్న 12 వోల్టుల యాక్చుయేటర్ చాలు. తలుపు 15 అంగుళాలు లేవాలి కదా, ఎనిమిది అంగుళాలు ఎలా సరిపోతాయంటారేమో. కదిలే కప్పి పెడితే దూరం రెట్టింపవుతుంది. యాక్చుయేటర్‌ను కప్పు కింద దూలానికి అడ్డంగా, దాని కడ్డీ కొన తలుపు వైపు ఉండేలా బిగించండి. కొనకు ఒక కప్పి తగిలించండి. తాడు ఒక చివరను తలుపు వైపు దూలానికి కట్టి, కడ్డీ కొన మీది కప్పి చుట్టూ తిప్పి, తలుపు నెత్తిన ఉన్న స్థిర కప్పి మీదుగా రింగుకు దించండి. కడ్డీ 200 మిల్లీమీటర్లు లోపలికి పోతే తాడు 400 లాగబడుతుంది. యాక్చుయేటర్ మీద పడే బరువూ రెట్టింపవుతుంది కానీ రెండు రెండున్నర కిలోలు దానికి లెక్కలోది కాదు. నాలుగు వందల్లో 25 మిల్లీమీటర్లు గడియ ముడవడానికి పోగా తలుపు 375 లేస్తుంది, కంత 13 అంగుళాలకు పైగా తెరుచుకుంటుంది. అసీళ్ల కోసం 16 అంగుళాల కంత చేస్తే 250 స్ట్రోకు తీసుకుని, పలక, కాలువలు, పైజాగా కొలతలన్నీ దానికి తగ్గట్టు పెంచుకోండి.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. లోపలే లిమిట్ స్విచ్‌లు ఉండాలి. ఉంటే రెండు కొసల్లోనూ తనంతట తానే ఆగుతుంది, వైర్లు తిప్పి ఇస్తే వెనక్కి వస్తుంది. వేగం సెకనుకు 10 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అలా ఉంటే తలుపు ఇరవై సెకన్లలో దిగుతుంది, కోళ్లు తప్పుకోవడానికి ఆ వ్యవధి చాలు. కరెంటు లేనప్పుడు కడ్డీని చేత్తో లాగితే జారకూడదు, స్క్రూతో నడిచేవి జారవు. హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను, రాణిగంజ్‌లో కప్పీలు, వైరు తాళ్లు, బోల్టులు దొరుకుతాయి.

తాడుకు 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు వైరు వాడండి. నైలాన్ తాడు ఎండకు పెళుసవుతుంది, బరువుకు సాగుతుంది, ఎలుకలు కొరుకుతాయి. కప్పీలు 30 మిల్లీమీటర్లవి, లోతైన గాడి ఉన్నవి, పైన రేకు కప్పు ఉన్నవి కావాలి. తలుపు మధ్యలో ఆగినప్పుడు అడుగు పైగా తాడు వదులవుతుంది, తెరిచి ఉన్న కప్పి మీంచి అది పక్కకు జారి ఇరుసులో ఇరుక్కుంటుంది. ఈ తలుపుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే. రేకు కప్పు లేని కప్పి దొరికితే గాడికి 1 మిల్లీమీటరు దూరంలో ఒక మేకు అడ్డంగా వేయండి, తాడు దాటి పోదు. తాడు పొడవు సరిచేసుకోవడానికి ఒక చివర టర్న్‌బకిల్ పెట్టండి. తలుపు పూర్తిగా దిగి, గడియలు వాలి, ఆపైన ఒకటి రెండు సెంటీమీటర్ల వదులు మిగిలితే పొడవు సరైనట్టు. ఎక్కువ వదిలితే పొద్దున తలుపు పూర్తిగా లేవదు, తక్కువైతే గడియ పడదు.

మోటారుకు తాడు చుట్టే పద్ధతి చవక, కాదనను. నిమిషానికి పది ఇరవై చుట్లు తిరిగే గేరు మోటారు చాలు. కానీ దాంట్లో కింద ఆగాల్సిన స్విచ్ ఒక్కసారి పనిచేయకపోతే మోటారు అలాగే తిరుగుతూ తాడును వెనక వైపు నుంచి చుట్టడం మొదలెడుతుంది. పడిన తలుపు మళ్లీ పైకి లేస్తుంది. రాత్రంతా గూడు బార్లా తెరిచి ఉంటుంది. యాక్చుయేటర్‌కు కొస ఉంది, రీలుకు లేదు. నేను ఆ ఖర్చు పెట్టమనేది ఇందుకే.

ఇప్పుడు కరెంటు. సామాను ఇంతే:

12 వోల్టులు 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ, అంటే యూపీఎస్‌లలో వాడేది. 20 వాట్ల సోలార్ ప్యానెల్. 10 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్. 12 వోల్టుల డిజిటల్ ప్రోగ్రామబుల్ టైమర్. 12 వోల్టుల కాయిల్ ఉన్న 8 పిన్నుల రిలే (కాయిల్‌కు కరెంటు ఇస్తే తనంతట మారే స్విచ్), సాకెట్‌తో. 5 ఆంపియర్ల ఫ్యూజు. చేత్తో నడపడానికి మధ్యలో ఆఫ్ ఉన్న 6 పిన్నుల స్విచ్. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు. నీరు చొరని ప్లాస్టిక్ పెట్టె.

టైమర్లలో 220 వోల్టులది, 12 వోల్టులది చూడటానికి ఒకేలా ఉంటాయి. పక్కన ముద్రించింది చదివే కొనండి.

రిలే ఇక్కడ ప్లస్, మైనస్‌లను తారుమారు చేసే పని చేస్తుంది. రిలేలో రెండు కామన్ పిన్నులుంటాయి, వాటిని యాక్చుయేటర్ రెండు వైర్లకు కలపండి. మొదటి కామన్‌కు సంబంధించిన ఎన్‌ఓ పిన్నుకు (కాయిల్‌కు కరెంటు ఉన్నప్పుడు కామన్‌తో కలిసేది) ప్లస్, ఎన్‌సీ పిన్నుకు (కరెంటు లేనప్పుడు కలిసేది) మైనస్ ఇవ్వండి. రెండో కామన్‌కు దీనికి తిరగేసి, ఎన్‌ఓకు మైనస్, ఎన్‌సీకి ప్లస్. టైమర్ ఆన్ అయితే కాయిల్‌కు కరెంటు అందుతుంది, కడ్డీ లోపలికి పోతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆఫ్ అయితే తిరగబడి తలుపు పడుతుంది. తిరగబడి నడిస్తే యాక్చుయేటర్ రెండు వైర్లను మార్చండి, అంతే. చేతి స్విచ్‌ను రిలేకు, యాక్చుయేటర్‌కు నడుమ కాకుండా టైమర్ కొనకు, రిలే కాయిల్‌కు మధ్య పెట్టండి. ఒక వైపు టైమరు, ఇంకో వైపు నేరుగా ప్లస్, మధ్యలో ఆఫ్. అప్పుడు పొరపాటున షార్టయ్యే వీలుండదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు అడుగు దూరంలోపే ఉండాలి.

బ్యాటరీ తిండి చూద్దాం. యాక్చుయేటర్ ఒకటిన్నర ఆంపియర్ లాగుతూ రోజుకు రెండుసార్లు ఇరవై సెకన్ల చొప్పున నడిస్తే 0.017 ఆంపియర్ అవర్లు, లెక్కలోకే రాదు. అసలు తినేది రిలే కాయిల్. ఈ సైజు రిలే కాయిల్ 75 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, పన్నెండు గంటలకు 0.9 ఆంపియర్ అవర్లు. టైమర్ లోపలి రిలే కలిపితే రోజుకు ఒకటీ పావు అనుకోండి. కాయిల్‌కు పగలే కరెంటు వెళ్లేలా పెట్టింది ఇందుకే, ఆ వేళ ప్యానెల్ నేరుగా ఇస్తుంది. అయిదు రోజులు ముసురు పట్టినా ప్యానెల్ కొంతైనా ఇస్తుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా పడిపోదు. 10 వాట్ల ప్యానెల్ వేసవికి చాలు, ఆగస్టుకు చాలదు.

బ్యాటరీ రేకు కింద పెట్టకండి. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగం అవుతుంది. మే నెలలో రేకు కింద వేడి చెప్పక్కర్లేదు. ఉత్తరం గోడ నీడన, పెట్టెలో పెట్టండి. సర్క్యూట్ పెట్టె కూడా గూటి లోపల వద్దు. రెట్ట కలిసిన ఊక నుంచి లేచే అమ్మోనియా రాగిని, రిలే కాంటాక్టుల్ని తినేస్తుంది. వైర్లన్నీ పెట్టె అడుగు నుంచి గ్లాండుల (వైరు చుట్టూ నీరు చొరకుండా బిగిసే బిరడాలు) ద్వారా రావాలి, కొంచెం కిందికి వేలాడి పైకి ఎక్కాలి, అప్పుడు నీటి చుక్క పెట్టెలోకి కాక నేలకు పడుతుంది. చిన్న కంతను కూడా సిలికాన్‌తో మూయండి. వెచ్చగా ఉంటుందని చీమలు, బల్లులు చేరతాయి, రిలే కాంటాక్టుల మధ్య చీమ నలిగితే ఆ రోజు తలుపు కదలదు.

టైమరా, వెలుతురు సెన్సారా అన్న మీ ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఎల్‌డీఆర్ అనే వెలుతురు సెన్సార్ చవక, అమర్చడం సులువు. మన దగ్గర కష్టం ఎక్కడంటే, జూన్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం నాలుగింటికే కారుమబ్బు కమ్మి చీకటవుతుంది. తలుపు పడిపోతుంది. కోళ్లన్నీ బయట, పైన కుండపోత. రాత్రి పూట మెరుపులు, ట్రాక్టరు లైట్లు, కొత్తగా పెట్టిన వీధి దీపం, వీటన్నిటికీ తలుపు లేచే ప్రమాదం ఉంది. పది పదిహేను నిమిషాల సగటు తీసుకునేలా, ఫలానా గంటల మధ్యే వినేలా ప్రోగ్రాం రాస్తే వాడొచ్చు. అంత చేసేటప్పుడు గడియారమే నయం. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం, సూర్యాస్తమయం ఏడాది మొత్తంలో ఓ గంటా పది పదిహేను నిమిషాలు మాత్రమే అటూ ఇటూ జరుగుతుంది.

కోళ్లు సూర్యుడు అస్తమించిన పది పదిహేను నిమిషాల్లో గూటికి చేరి కర్రలెక్కుతాయి. మసక వెలుగు ఓ ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాలుంటుంది. కాబట్టి అస్తమయానికి అరగంట తర్వాత మూస్తే సరి. హైదరాబాదు చుట్టుపక్కలకు నేను పెట్టమనే సమయాలు: జనవరి 6:30, ఫిబ్రవరి 6:45, మార్చి 6:55, ఏప్రిల్ 7:05, మే 7:15, జూన్, జూలై 7:25, ఆగస్టు 7:15, సెప్టెంబరు 6:50, అక్టోబరు 6:30, నవంబరు, డిసెంబరు 6:15. విజయవాడ వైపు వాళ్లు ఎనిమిది నిమిషాలు, విశాఖ వైపు వాళ్లు ఇరవై నిమిషాలు ముందే మూసేలా పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జాగ్రత్త. ఆ రెండు నెలల్లోనే అస్తమయం ముప్పావుగంట ముందుకొస్తుంది. వినాయక చవితికి పెట్టిన సమయాన్ని దీపావళి దాకా మార్చకపోతే పొద్దుగూకాక గంట పైగా గూడు తెరిచే ఉంటుంది. పిల్లి వచ్చేది ఆ గంటలోనే.

తెరిచే సమయానికి తొందర వద్దు. బావురుపిల్లి తెల్లవారుజామున కూడా తిరుగుతుంది, బాగా వెలుతురొచ్చాక, 7 గంటలకు తెరిస్తే చాలు. పెట్టలు గుడ్లు గడ్డివాముల్లో, కంచెల్లో పెట్టేస్తుంటే 9 దాకా ఆపండి, లోపల నీళ్లు, గాలి ఉంటే నష్టం లేదు. అందుకే గూటికి గాలి ఈ తలుపు మీద ఆధారపడకూడదు. గోడల పైభాగాన అర అంగుళం వెల్డ్ మెష్ వేసిన కిటికీలు రెండు వైపులా ఉండాలి. మామూలు కోడి జాలీని కుక్క చించుతుంది, పాము దూరుతుంది.

ఆర్డుయినోతోనే చేయాలని మీకు ముచ్చటైతే చేయండి, నెలవారీ పట్టిక దాంట్లోనే రాసేయొచ్చు, రిలే కాయిల్ పగలంతా తినే కరెంటు కూడా మిగులుతుంది. గడియారానికి డీఎస్3231 మాడ్యూల్ వాడండి, ఏడాదికి నిమిషం తేడా వస్తుంది. డీఎస్1307 నెలకే నిమిషాలు తప్పుతుంది. డీఎస్3231 నీలం రంగు మాడ్యూళ్లలో కాయిన్ సెల్‌ను ఛార్జి చేసే దారి ఒకటుంటుంది. ఛార్జి కాని సీఆర్2032 సెల్ వేస్తే అది ఉబ్బుతుంది, ఆ దారిలోని 200 ఓమ్‌ల రెసిస్టర్ తీసేయండి. మోటారు కదిలేటప్పుడు వోల్టేజీ పడి బోర్డు రీసెట్ అవుతుంది, కాబట్టి బోర్డుకు విడిగా వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్, దాని ముందు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. ప్రోగ్రాంలో యాక్చుయేటర్ ఎప్పుడూ 40 సెకన్లకు మించి నడవకూడదని రాయండి. రీసెట్ అయి లేచిన వెంటనే గడియారం చూసి తలుపు ఏ స్థితిలో ఉండాలో తేల్చుకోవాలి. చాలా ప్రోగ్రాముల్లో సరిగ్గా 6:30 అయితే మూయి అని మాత్రమే రాస్తారు, ఆ నిమిషంలో కరెంటు లేకపోతే ఆ రాత్రికి తలుపు మూసుకోదు.

అన్నీ బిగించాక కరెంటు ఇవ్వకముందు తాడును చేత్తో లాగి వదులుతూ యాభైసార్లు చూడండి. ఒక్కసారి కూడా మధ్యలో ఆగకూడదు. కాలువలో గుప్పెడు ఊక, పొడి మట్టి పోసి మళ్లీ చూడండి. తర్వాత మూసిన తలుపును బయటి నుంచి స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తండి. ఎత్తగలిగితే గడియ అడ్డు ఎత్తు సరిచేయాలి. ఆ తర్వాత కరెంటు ఇచ్చి గడప మీద సొరకాయ ఒకటి పెట్టి తలుపు దించండి. గోరు గుర్తు మించి దెబ్బ తగలకూడదు, కాయ తీయగానే తలుపు దిగి గడియ పడాలి. నెల లోపు పిల్లలున్న తల్లికోడిని మాత్రం ఈ గూట్లో ఉంచకండి. పెద్ద కోడికి కిలో బరువు ఏమీ కాదు, పిల్లకు చాలా ఎక్కువ.

మొదటి వారం టైమర్‌ను నమ్మి ఊరెళ్లొద్దు. కోళ్లు కొత్త గూటికి వచ్చినవైతే ముందు నాలుగైదు రోజులు లోపలే ఉంచండి. నాటుకోళ్లకు చెట్టెక్కే అలవాటుంది. గూట్లో కర్రలు మూడు నాలుగు అడుగుల ఎత్తున, కోడికి ముప్పావు అడుగు చొప్పున లేకపోతే అవి వేపచెట్టునే ఎంచుకుంటాయి, మీ తలుపు ఖాళీ గూటికి కాపలా కాస్తుంది. మూసే ముందు అరగంట పాటు లోపల అర వాటు పసుపు ఎల్‌ఈడీ వెలిగేలా పెడితే వెనకబడే పెట్టలు కూడా లోపలికి వస్తాయి. లోపల చీకటిగా ఉంటే గుమ్మంలోనే తచ్చాడుతూ నిలబడతాయి.

ఇంకో చిన్న ఏర్పాటు తప్పకుండా చేయండి. తలుపు కింది భాగంలో చిన్న అయస్కాంతం, ఫ్రేముకు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్), దానికి మీ ఇంటి వైపు కనబడే ఎర్ర ఎల్‌ఈడీ. తలుపు పూర్తిగా పడితేనే దీపం వెలగాలి. బ్యాటరీ పగలు చచ్చిపోతే యాక్చుయేటర్ ఉన్నచోటే ఉండిపోతుంది, తలుపు తెరిచే ఉంటుంది, ఈ తలుపులో మిగిలిన పెద్ద లోపం అదొక్కటే. దీపం వెలగలేదంటే వెళ్లి చేత్తో మూయడానికి తాడులో ఒక కొక్కెం పెట్టుకోండి, విప్పగానే తలుపు పడిపోతుంది.

నెలకోసారి కాలువల్ని పొడి బ్రష్‌తో దులపండి. నూనె, గ్రీజు రాయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. కావాలంటే కొవ్వొత్తి ముక్క రుద్దండి. కందిరీగలు కాలువల పైభాగంలో మట్టి గూళ్లు కడతాయి, తెరిచిన తలుపు సరిగ్గా అక్కడే ఆగుతుంది కాబట్టి అక్కడ చూడండి. గడియ చేతులు వేలితో తోస్తే తమంతట వాలుతున్నాయా అని చూడండి. వైరు తాడులో ఒక్క పోగు తెగినా మార్చేయండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కలిపిన చోట్ల నట్లన్నీ బిగించండి.

ముంగిస గురించి కూడా రాశారు. అది పగటి జంతువు, తలుపు తెరిచి ఉన్నప్పుడే వస్తుంది. దానికి ఈ తలుపు పనికిరాదు. పగలు కోళ్లు తిరిగే చోట అర అంగుళం మెష్‌తో దొడ్డి కట్టి, మెష్‌ను అడుగు లోతు భూమిలోకి దింపాలి. మీరు దొడ్డి కూడా వేస్తే ఈ తలుపు గూటి నుంచి దొడ్డిలోకి ఉండాలి, దొడ్డి నుంచి బయటికి కాదు.